బండి ఆగితే నూనె ఆగాలి



పోయిన వారం మనవాళ్ళలో ఒక తమ్ముడు ఫోను చేశాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, ఐదు ఊళ్ళు తిరిగి పాలు పోయించుకొని, క్యాన్లు బండికి కట్టుకొని పాల కేంద్రానికి చేర్చే అబ్బాయి. రోజుకు తొంభై కిలోమీటర్లు తిరుగుతాడు. “అయ్యగారూ, చైన్‌కి దానంతట అదే ఆయిల్ వేసుకునే పరికరం ఉందంట. ఒకసారి బిగిస్తే ఇక చైన్ సంగతి చూసుకోనక్కర్లేదంట. బయట దేశం నుంచి తెప్పిస్తే పన్నెండు వేల దాకా అవుతుందంటున్నారు. వాయిదాల మీద తీసుకోమంటారా?” అని అడిగాడు.

నన్నే ఎందుకు అడిగాడో నాకు తెలుసు. ఆరేళ్ళ క్రితం నా బండికి నేనే ఒక పరికరం కట్టుకొని కాలువ గట్టు మలుపులో పడ్డాను. ఆ కథ మన సంఘంలో పిల్లలకు కూడా తెలుసు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. వెంటనే అవునని గానీ కాదని గానీ అనలేక, “రెండు రోజులు ఆగు నాయనా, వివరంగా రాస్తాను” అన్నాను. ఇది అతని ఒక్కడి ప్రశ్న కాదు. రొయ్యల చెరువుల మీద మేత చూసే వాళ్ళు, మందుల కంపెనీ బ్యాగు తగిలించుకొని తిరిగే వాళ్ళు, వాయిదాలు వసూలు చేసే వాళ్ళు, మనలో ఎంతమంది బండి మీదే బతుకుతున్నారో చూడండి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మీ బండి చైన్ పూర్తిగా కవర్ లోపల ఉందా, బయటికి కనిపిస్తుందా? స్ప్లెండర్ లాంటి బండ్లకు కంపెనీవాళ్ళే చైన్‌ను పైనా కిందా మూసి ఇచ్చారు. కవర్ మీద చిన్న రబ్బరు మూత ఉంటుంది, అది తీసి వేలు పెట్టి చైన్ లూజు చూసుకోవచ్చు. దుమ్ము వెళ్ళదు, వాన నీళ్ళు నేరుగా తగలవు, వేసిన నూనె చాలా రోజులు నిలుస్తుంది. అలాంటి బండి ఉన్నవాళ్ళకు ఆటోమేటిక్ ఆయిలర్ అక్కరలేదు. కొనే ముందే డబ్బుతో పాటు వచ్చేసిన ఆయిలర్ ఆ కవరే. మన కుర్రాళ్ళు చేసే పని ఏమిటంటే, బండి కొన్న ఆరు నెలలకు స్టైల్ కోసం దాన్ని విప్పించి అటక మీద పడేస్తారు. వెనక కూర్చునే అమ్మల చీర కొంగులు, ఆడపిల్లల చున్నీలు కూడా ఆ కవర్‌నే నమ్ముకొని ఉన్నాయని వాళ్ళకు తోచదు. విప్పించిన వాళ్ళు దయచేసి ఈ వారమే మళ్ళీ బిగించుకోండి. మీకు ఈ వ్యాసం ఇక్కడితో సరిపోతుంది.

మిగిలినవాళ్ళ కోసం, చైన్ తెరిచి ఉన్న బండ్లవాళ్ళ కోసం, మిగతాది రాస్తున్నాను.

చైన్ సాగిపోయిందని మనం అంటుంటాం. నిజానికి ఇనుము సాగదు. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు, దాని పైన తిరిగే రోలరు ఉంటాయి. పిన్నుకూ బుష్షుకూ మధ్య నూనె ఎండిపోతే రెండూ ఒకదాన్ని ఒకటి అరగదీసుకుంటాయి. చైన్‌లో నూటికి పైగా లింకులు ఉంటాయి. ఒక్కో పిన్ను దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగినా చాలు, మొత్తం మీద చైన్ సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. అప్పుడది స్ప్రాకెట్ పళ్ళలో సరిగ్గా కూర్చోదు, పళ్ళు కొక్కేల్లా వంగి అరుగుతాయి. ఆ తరువాత కొత్త చైన్ ఒక్కటి వేస్తే చాలదు, సెట్టంతా మార్చాల్సిందే.

కొన్ని బండ్ల చైన్లలో లింకు పలకల మధ్య చిన్న చిన్న రబ్బరు ఉంగరాలు కనిపిస్తాయి. వాటిలో పిన్నుల దగ్గర గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి మూసేస్తారు. అలాంటి చైన్‌కు పైనుంచి మనం వేసే నూనె రోలర్ల కోసం, తుప్పు పట్టకుండా ఉండటం కోసం, ఆ రబ్బరు ఎండిపోకుండా ఉండటం కోసం. దానికి పెట్రోలుతో కడగడం మహా నష్టం, రబ్బరు పాడవుతుంది. ఉంగరాలు లేని మామూలు చైన్‌కు మాత్రం నూనె లోపలి దాకా దిగాలి. అందుకే చాలా కంపెనీల పుస్తకాల్లో సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి తుడిచి నూనె వేయమని రాసి ఉంటుంది. మన పాల తమ్ముడికి 500 కిలోమీటర్లంటే ఆరు రోజులు కూడా కాదు. మనలో వారానికి ఒకసారి చైన్ తుడిచేవాళ్ళు చేయి ఎత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు.

తుడిచేవాళ్ళు ఎలా తుడుస్తున్నారో కూడా తెలుసు. నా భయమంతా అక్కడే. డబుల్ స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, చక్రం దానంతట అది తిరుగుతుంటే గుడ్డ పట్టుకొని కూర్చుంటారు. పని తొందరగా అవుతుంది, నిజమే. మన పక్క ఊరి పెద్దాయన కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా లేదు. పాటల పుస్తకంలో పేజీ తిప్పడానికి నడిమి వేలు వాడతారు, మీరు గమనించే ఉంటారు. చాలామంది అది కొడవలి గాయం అనుకుంటారు. అది చైన్. గుడ్డ అంచు స్ప్రాకెట్‌లో చిక్కుకుంది, గుడ్డతో పాటు వేలు వెళ్ళింది. “చెయ్యి వెనక్కి లాక్కుందామన్న ఆలోచన వచ్చేసరికే అయిపోయింది అయ్యగారూ” అని ఆయన నాతో అన్నారు. తీరిగ్గా తిరుగుతున్నట్టు కనిపించే ఆ చక్రం వెనక మొత్తం ఇంజను బలం ఉంది, మన వేలు అడ్డం వచ్చినంత మాత్రాన అది ఆగదు.

కాబట్టి తమ్ముడి ఆలోచన తప్పు అనను. చేయి దగ్గరికి తీసుకెళ్ళకుండా, రోజూ కొంచెం కొంచెం నూనె అందే ఏర్పాటు మంచిదే. ఏది కొనాలి, దాన్ని ఏం చూసి ఎంచుకోవాలి అన్నదే ప్రశ్న.

ఇప్పుడు నా కథ. ఆ రోజుల్లో నేను నాలుగు ఊళ్ళు తిరిగేవాణ్ణి. చైన్ ఎప్పుడూ కీచుమంటూ ఉండేది. ఎవరో చెప్పగా విని, సెలైన్ ఎక్కించే సెట్టు ఒకటి తెచ్చి, సైడు ప్యానెల్ దగ్గర చిన్న సీసా కట్టి, అందులో 90 నంబరు గేర్ ఆయిల్ పోసి, గొట్టం కొసను వెనక స్ప్రాకెట్ దగ్గర టైలతో బిగించాను. ఆసుపత్రిలో నర్సమ్మ తిప్పే చిన్న చక్రం లేదూ, దానితో చుక్కలు సరిచేశాను. జనవరిలో కట్టాను. పొద్దున్నే చలికి నూనె చిక్కబడి చుక్క పడేది కాదు. ఇంకొంచెం తెరిచాను. అప్పుడు బాగా పనిచేసింది, రెండు నెలలు అందరికీ చూపించి గొప్పలు చెప్పుకున్నాను. ఏప్రిల్ వచ్చింది. అదే నూనె ఎండకు నీళ్ళలా పలచబడింది. నేను చక్రం ముట్టుకోలేదు, అది మాత్రం రెండింతలు కారడం మొదలుపెట్టింది. ఒక రాత్రి గొట్టం మూయడం మర్చిపోయి పడుకున్నాను. సీసాలో ఉన్నదంతా స్ప్రాకెట్ మీదుగా, రిమ్ము మీదుగా టైరు మీదికి దిగింది. చీకట్లో బయలుదేరిన నేను చూడలేదు. లాకుల దాకా బాగానే వెళ్ళాను. ఎడమవైపు వంచి మలుపు తిప్పగానే వెనక చక్రం నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. మోకాలు చిట్లింది, అంతే. అటు రెండు గజాలు జారితే కాలువ.

అప్పటినుంచి ఎవరు ఏ ఆయిలర్ చూపించినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బండి ఆగినప్పుడు ఇందులో నూనెను ఆపేది ఏమిటి? అమ్మేవాళ్ళు నూనె ఎంత చక్కగా పడుతుందో చెబుతారు. ఎలా ఆగుతుందో అడిగితేనే దాని విలువ తెలుస్తుంది. చైన్ ఎండిపోతే డబ్బు పోతుంది. టైరుకు నూనె అంటితే మనిషి పోతాడు. ఈ రెండు నష్టాలూ ఒకే త్రాసులో తూగవు.

ఈ ప్రశ్నతో బజారులో ఉన్న రకాలను చూద్దాం. ఈ పరికరాల్లో పేరున్నది స్కాట్‌ఆయిలర్. స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గర తయారయ్యే సరుకు. దాని పాత పద్ధతిలో ఇంజను గాలి పీల్చుకునే చోట పుట్టే వాక్యూమ్‌ను సన్నని గొట్టంతో నూనె డబ్బాకు కలుపుతారు. ఇంజను తిరుగుతున్నంతసేపే వాక్యూమ్ ఉంటుంది, అప్పుడే లోపలి వాల్వు తెరుచుకుంటుంది. ఇంజను ఆపగానే మూసుకుంటుంది. కరెంటు లేదు, మనం గుర్తుపెట్టుకోవాల్సిందీ లేదు. నా ప్రశ్నకు ఇది చక్కటి జవాబు. అయితే బండి కదలకుండా ఇంజను ఆన్‌లో ఉన్నా చుక్కలు పడుతూనే ఉంటాయి. రైల్వే గేటు దగ్గర పావుగంట ఇంజను ఆపకుండా నిలబడే అలవాటు ఉన్నవాళ్ళు ఇది గమనించాలి. రెండోది, ఆ వాక్యూమ్ గొట్టం ఎక్కడ కలపాలి అన్నది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. గాలి వెళ్ళే దారిలో రంధ్రం పెట్టినా, బిగింపు కాస్త వదులైనా లెక్కలో లేని గాలి లోపలికి వెళ్ళి ఐడ్లింగ్ చెడుతుంది. వారంటీ ఉన్న బండికి మన వీధి చివరి షాపులో ఈ పని చేయించవద్దనే నా సలహా.

ఎలక్ట్రానిక్‌వి ఇంకో రకం. బండి కదలికనో, చక్రం వేగాన్నో కనిపెట్టి చిన్న మోటారుతో చుక్కలు వదులుతాయి. బండి నిలబడితే నూనె నిలబడుతుంది, వానలో ఎక్కువ, ఎండలో తక్కువ పెట్టుకోవచ్చు. రాత్రీ పగలూ దూర ప్రయాణాలు చేసే పెద్ద బండ్లవాళ్ళకు మంచి వస్తువే. మన కాలువ గట్ల మీద, మోకాలి లోతు నీళ్ళలో, ఉప్పు చెరువుల గాలిలో ఆ వైర్లు ఎన్నాళ్ళు ఉంటాయో, పాడైతే బాగుచేసేవాడు ఎవడో నాకు తోచలేదు. మూడో రకం చేతితో నడిచేవి. లూబ్‌మన్ అని బ్రిటన్ సరుకు ఒకటుంది, ప్లాస్టిక్ సీసా నొక్కితే ఆ నొక్కినంత నూనె గొట్టం ద్వారా స్ప్రాకెట్‌కు దిగుతుంది. చూస్తే పిల్లల బొమ్మలా ఉంటుంది. కానీ అందులో ఉన్న తెలివి నాకు నచ్చింది, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఈ వస్తువులు ఆ దేశాల్లోనే ఎందుకు ఇంత వాడుకలోకి వచ్చాయి? చలికాలంలో అక్కడ రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళు చైన్ మీద చిమ్మి త్వరగా తుప్పు పట్టిస్తాయి. అక్కడి పెద్ద బండ్ల చైన్ సెట్టు ధరే నూరు పౌండ్లు దాటుతుంది, మార్చే కూలీ వేరే. ఆయిలర్ కూడా దాదాపు అంతే ధర. ఒక్క సెట్టు మిగిలితే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. మన లెక్క వేరు. తమ్ముడి 150 సీసీ బండికి చైన్ సెట్టు మొన్న వేయించినప్పుడు రెండు వేల చిల్లర అయింది. చూసుకోకపోతే పదిహేను వేల కిలోమీటర్లు, చూసుకుంటే పాతిక వేలు వస్తుందని మా మెకానిక్ అనుభవం. సంవత్సరానికి ఇరవై ఏడు వేలు తిరిగే బండికి ఆయిలర్ వల్ల మిగిలేది ఏడాదికి ఒక సెట్టు కూడా ఉండదు. పన్నెండు వేలు తిరిగి రావాలంటే ఆరేళ్ళ పైమాటే. అప్పటికి ఆ బండి ఉంటుందా? వాయిదాల మీద వడ్డీ ఎవరు లెక్కేస్తారు? తమ్ముడూ, డబ్బు మిగులుతుందని కొనేట్టయితే కొనవద్దు. అంత మొత్తం ఉంటే ముందు అరిగిన వెనక టైరు మార్పించుకో. పోయిన ఆదివారం నీ బండి చూశాను.

మరి చేయి పెట్టకుండా రోజూ నూనె ఎలా? ఇక్కడే ఆ నొక్కే సీసా తెలివి పనికొచ్చింది. కాలువ గట్టు సంఘటన తరువాత నా సెలైన్ సెట్టు పారేద్దామనుకున్నాను. పారేయలేదు. సీసా మాత్రం తీసేశాను. గొట్టం పైభాగంలో చుక్కలు పడే చిన్న గది ఉంటుంది కదా, దాని పైకొస కోసి గిన్నెలా చేసి, దుమ్ము పడకుండా మందు సీసా రబ్బరు మూత పెట్టాను. పొద్దున బయలుదేరబోయే ముందు మూత తీసి, సూది లేని సిరంజితో 2 ఎంఎల్ నూనె అందులో పోస్తాను. అది సన్నని గొట్టంలో మెల్లగా దిగుతూ, మొదటి రెండు మూడు కిలోమీటర్లలో స్ప్రాకెట్‌కు అందుతుంది. స్ప్రాకెట్ తిరిగే వేగానికి నూనె తనంతట తానే అంచుకు పాకి చైన్ లోపలి వైపు నుంచి పట్టుకుంటుంది. తరువాత ఇక పడదు. ఎందుకంటే గిన్నెలో ఇక లేదు. నేను మర్చిపోయినా, ఎండ ముదిరినా, గొట్టం తెరిచే ఉన్నా, పోసిన 2 ఎంఎల్ కంటే చుక్క ఎక్కువ రాదు. క్యాన్లు కట్టిన బండిని డబుల్ స్టాండ్ వేయడం ఎంత కష్టమో పాలవాళ్ళకు తెలుసు. దీనికి స్టాండే అక్కర్లేదు.

ఇది ఆటోమేటిక్ కాదు అని కుర్రాళ్ళు నవ్వుతారు. నిజమే, కాదు. పొద్దున్నే ఒక నిమిషం వంగాలి. ఆ నిమిషంలో నేను చైన్ చూస్తాను, టైరు చూస్తాను. రెండుసార్లు యాక్సిల్ నట్టు వదులైందని పట్టుకున్నాను కూడా. చూడనక్కర్లేదు అని చెప్పి అమ్మే ఏ పరికరమైనా నాకు అనుమానమే. ఆయిలర్ ఎంత ఖరీదైనదైనా చైన్ లూజు సరిచేయదు, మురికి తుడవదు, ఇరుక్కున్న లింకును చూపించదు.

నాతో విభేదించేవాళ్ళు ఉన్నారు. మనవాడే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో పెద్ద బండి మీద దూరాలు తిరిగే అబ్బాయి, వాక్యూమ్ రకం బిగించుకొని మూడేళ్ళుగా సంతోషంగా ఉన్నాడు. రోజుకు ఐదారు వందల కిలోమీటర్లు నడిపేవాడికి పొద్దున పోసిన 2 ఎంఎల్ సాయంత్రానికి ఏం మిగులుతుంది అన్నది అతని ప్రశ్న. న్యాయమే. అతని చైన్ సెట్టు ధర వేరు, ప్రయాణం వేరు. అతనికి అదే సరైనది. మన తమ్ముడికి కాదు.

బిగించేవాళ్ళకు నాలుగు మాటలు. గొట్టం కొస వెనక స్ప్రాకెట్ పక్క ముఖానికి తాకీ తాకనట్టు ఉండాలి, చైన్ మీద కాదు, చైన్ మీద పడితే చిమ్ముతుంది. ఊగినా ఊచల్లోకి, చైన్‌లోకి వెళ్ళకుండా రెండు మూడు చోట్ల టై వేయండి, సైలెన్సర్‌కు దూరంగా పోనివ్వండి. మొదటి వారం రోజూ దిగగానే టైరు ఎడమ అంచుకు పాత పేపరు ముక్క అద్ది చూడండి. మరక కనిపిస్తే కొలత సగం చేయండి. నూనె కొత్తదే వాడండి. ఇంజను నుంచి తీసిన నల్లటి పాత ఆయిల్ బ్రష్‌తో పూయించుకునే అలవాటు మనకు చాలా ఉంది. అందులో ఇనుప రజను ఉంటుంది, అరగకుండా వేసేది పోయి అరగదీసేది వేస్తున్నాం. వానలో తడిసి వచ్చిన రోజు, చెరువు గట్ల ఉప్పు నీళ్ళు తగిలిన రోజు సాయంత్రం ఇంకో 2 ఎంఎల్ పోసి, ఇంజను ఆపి, బండిని వాకిట్లో నాలుగడుగులు తోయండి.

ఈ శనివారం సాయంత్రం నాలుగింటికి మందిరం వెనక వేపచెట్టు కింద ఉంటాను. గొట్టాలు, టైలు నా దగ్గర ఉన్నాయి. సిరంజి మందుల షాపులో ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి, 5 ఎంఎల్‌ది చాలు. ఒక లీటరు గేర్ ఆయిల్ అందరికీ కలిపి కొందాం. పక్క ఊరి పెద్దాయన కూడా వస్తానన్నారు. మీరు వచ్చాక ఇంజను ఆపి, తాళం చెవి తీసి ఆయన చేతికివ్వండి. పని అయ్యాక ఆయన దగ్గరే తీసుకుందురు గాని.